హిల్మార్ లెక్క

మా ఊళ్ళో కాఫీ పొంగకముందే దించేస్తే, "హిల్మార్ లెక్కన దించావేమిటే" అంటారు. నెలలు నిండకుండా బిడ్డ పుడితే వాడు హిల్మార్ లెక్కన పుట్టినట్టు. పడవ ఆగకముందే రేవు మీదికి దూకి మోకాలు చెక్కుకున్నవాడికీ ఇదే మాట. అనేవాళ్ళలో సగంమందికి హిల్మార్ అని ఒక మనిషి ఉండేవాడనే తెలీదు. నాకు తెలుసు. ఆ మాట పుట్టినప్పుడు నేను నోరు విప్పి ఉంటే అది పురిట్లోనే పోయేది. విప్పలేదు కాబట్టి ఇప్పుడు ఇదంతా చెప్పాల్సినదాన్నీ నేనే.

హిల్మార్ ఆన్సెత్, ఉత్తరపు కొసన సముద్రం ఒడ్డునున్న మా స్కార్వాయ్ కోటలో ఫిరంగి మేస్త్రీ. మేస్త్రీ అన్నాను కదా అని కింద పదిమంది పనివాళ్ళుంటారనుకునేరు. ఆయన కింద ఎనిమిది ఫిరంగులు, ఒక పార, ఒక చీపురు, అంతే. ఒకప్పుడు ఎనభైమంది సిపాయిలున్న కోట అది. ఆయన వచ్చేనాటికి వంటవాడూ ఆయనే, కాపలావాడూ ఆయనే, కమాండరు ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసేవాడూ ఆయనే. ఆ ఇంట్లో కమాండరన్నవాడు కాలుపెట్టి ముప్ఫయ్యేళ్ళు దాటింది. "ఖాళీ ఇంటికి నిప్పెందుకండీ?" అని అడిగానొకసారి. "ఇల్లు చల్లబడితే గోడలు నెమ్మెక్కుతాయమ్మాయ్. మనిషి లేడని గోడలకెందుకు శిక్ష?" అన్నాడు.

కోటంటే మా ఊరికి ఏనాడూ గౌరవం లేదు. రెండువందల ఏళ్ళ కిందట, అప్పట్లో మమ్మల్ని ఏలుతూ కోపెన్‌హాగెన్‌లో కూర్చున్న రాజు, రష్యావాళ్ళు వచ్చి మా చేపల నీళ్ళు తమవే అంటారేమోనని కట్టించాడు. దూరంనుంచి చూస్తే అది కోటలాగే ఉండదు, గడ్డి మొలిచిన మిట్టలా ఉంటుంది. ఎత్తయిన బురుజులూ, ఇనప తలుపులూ ఊహించుకుని వచ్చినవాళ్ళు "ఇదేనా?" అంటారు. హిల్మార్‌కి ఆ మాటంటే ఒళ్ళుమంట. "ఎత్తుగా కడితే ఓడలోవాడికి గురి చూపించినట్టే. రాతిగోడకి గుండు తగిలితే రాయి పగిలి, ఆ ముక్కలు మనవాళ్ళనే చంపుతాయి. గడ్డిమట్టయితే గుండుని మింగేసి ఊరుకుంటుంది" అని గోడమీద అరచేత్తో తట్టేవాడు, గేదెని తట్టినట్టు. ఎనిమిది బురుజులెందుకో కూడా ఆయనే చెప్పాడు. ఏ బురుజుకీ తన గోడ మొదలు తనకి కనబడదట. అక్కడ ఎవడు నక్కినా పక్క బురుజుకే కనబడతాడు. అందుకని ఒకదాన్నొకటి చూసుకునేలా వంకరగా కట్టారు. "ఇందులో ఒక్కటి కళ్ళు మూసుకుంటే పక్కదాని పని అయిపోయినట్టే" అనేవాడు.

ఇంత తెలివిగా కట్టిన కోట పొడిచిందేమిటయ్యా అంటే, ఇంగ్లీషువాళ్ళతో యుద్ధంలో పొగమంచులో వచ్చిన ఒక ఓడమీద మూడు గుండ్లు పేల్చింది. మంచు విడిచాక చూస్తే అది రష్యావాళ్ళ ఆర్ఖాంగెల్స్క్ రేవునుంచి మాకోసమే పిండి తెస్తున్న ఓడ. గుండ్లు తగల్లేదు కాబట్టి ఆ చలికాలం ఊరు బతికింది. మా తాతలకాలం నుంచీ కోటంటే ఆ పిండి ఓడే గుర్తు. హిల్మార్ ఆ వేళాకోళాన్ని నవ్వుతూనే పడేవాడు. "శత్రువులు రాలేదుగా? రాకుండా చూడ్డమే దీని పని" అనేవాడు.

ఇక ఏడాదికొక్కసారి ఆ కోట ఊరికి పనికొస్తుంది. చలికాలంలో రెండు నెలలు సూర్యుడి మొహం చూడని ఊరు మాది. జనవరిలో సూర్యుడు సముద్రంలోంచి లేచి, బింబం మొత్తం నీళ్ళు వదిలి పైకొచ్చిన మొదటిరోజున కోటలోంచి ఒక ఫిరంగి పేలుతుంది. ఆ చప్పుడు వినగానే బడికి సెలవు. పిల్లలు కోట్లకి బొత్తాలు కూడా పెట్టుకోకుండా రోడ్లమీద పడతారు. బేకరీలో సూర్యుడి బన్నులు నూనెలో పడతాయి. నియమం మాత్రం గట్టిది. కొండమీంచి కనబడితే చెల్లదు, బడి మేడమీంచి కనబడినా చెల్లదు. దక్షిణపు బురుజు మీద నిలబడ్డ ఫిరంగి మేస్త్రీకి, కింది అంచుతో సహా కనబడాలి. అందరికీ సూర్యుడు ఒకటే అయినా, మా ఊళ్ళో వాడు వచ్చాడని చెప్పే నోరు మాత్రం హిల్మార్‌దే. ఆయనకున్న ఆస్తంతా అదొక్కటే.

పందొమ్మిదివందల ముప్ఫయ్యారు జనవరి పదహారు, గురువారం. నాకప్పుడు ఇరవైనాలుగేళ్ళు. పోస్టాఫీసు కిటికీ దగ్గర కొత్తగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం కావాలంటే ఊరి పెద్దలు సరేనని రాయాలి, ఆ పెద్దల్లో పెద్దతలకాయ బడి నడిపే సెవరిన్ మాస్టారు. కిటికీ పన్నెండింటిదాకా తెరిచి ఉంచాలని నాకు మొదటిరోజే చెప్పినవాడూ ఆయనే. ఆ రోజు పదకొండున్నరకే తలుపేసేసి కొండెక్కాను. ఎందుకంటే రెండు నెలలుగా దీపం కింద ముద్రలు గుద్ది గుద్ది నాకు పిచ్చెత్తినట్టుంది. అంతకుమించి కారణం లేదు.

పైకెళ్ళి నిలబడ్డానో లేదో, దక్షిణాన సముద్రం మీద సూర్యుడు. గుండ్రంగా లేడు. అడ్డంగా నొక్కిన రొట్టెలా, అంచులు మెట్లుమెట్లుగా ఉన్నాడు. కానీ మొత్తం ఉన్నాడు, కిందనుంచి సముద్రం నల్లగా విడిగా కనబడుతోంది. మొహంమీద వెలుగు పడింది. నాలోనేను ఏదో కేక పెట్టాను కూడా. అంతలో కోటలోంచి ఫిరంగి పేలింది. నాలుగైదు నిమిషాల్లో బూడిదరంగు తెర ఒకటి అడ్డొచ్చి మొత్తం మూసేసింది. నేను పరుగున దిగొచ్చేసరికి బడి ఖాళీ, బేకరీ ముందు వరస.

మెట్లమీద సెవరిన్ మాస్టారు పంచాంగం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇరవయ్యో తారీకుకి రావలసినవాడు పదహారుకెలా వచ్చాడర్రా? నాలుగు రోజులు ముందా? ఎవరైనా చూశారా అసలు?"

ఎవరూ చూడలేదు. ఊరు కొండకి ఇవతలి పల్లంలో ఉంది, ఇళ్ళన్నీ అడ్డం. హిల్మార్ కోటనుంచి దిగొచ్చి, తాను చూసింది చూసినట్టు చెప్పాడు. "అడ్డంగా నొక్కినట్టున్నాడు, మెట్లుమెట్లుగా ఉన్నాడు" అన్నాడు. ఇంక చూడండి నవ్వులు.

"మెట్లుంటే ఎక్కిరాకపోయావా మేస్త్రీ!"

"పిండి ఓడేమో సరిగ్గా చూశావా?"

"రేపు చంద్రుడిక్కూడా ఒకటి పేల్చు, వాడేం పాపం చేశాడు!"

పక్కరోజు హిల్మార్ ఇంటింటికీ బయల్దేరాడు. తలుపు తట్టి, టోపీ తీసి, "నిన్న మధ్యాహ్నం దక్షిణాన ఏమైనా చూశారా?" అని అడగడం. ఊరు మొత్తం తిరిగి, చివరికి పోస్టాఫీసుకొచ్చాడు. నా కిటికీ దగ్గర సెవరిన్ మాస్టారు ఏదో పార్సెలు కడుతున్నాడు.

"ఆస్లౌగ్ అమ్మాయ్, నిన్న మధ్యాహ్నం నువ్వేమైనా చూశావా?"

"లేదండీ. నేను ముద్రలు వేసుకుంటున్నాను."

ఆయన నా మొహంకేసి కావలసినదానికన్నా కాసేపు ఎక్కువే చూశాడు. "సరేనమ్మా" అని టోపీ పెట్టుకున్నాడు. హిల్మార్ తలుపు దాటాక మాస్టారు నాతో, "పాపం, ఒంటరిగా ఉండి ఉండి మతి చలించింది" అన్నాడు. నేను తలూపాను. ఉద్యోగం పోతుందని భయపడ్డానంటే, అది సగమే నిజం. అసలు భయం, ఆయన్ని చూసి నవ్వినట్టు నన్ను చూసీ నవ్వుతారని.

పైఅధికారుల దగ్గర్నుంచి హిల్మార్‌కి ఉత్తరం వచ్చింది. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఇకమీదట సెవరిన్ మాస్టారు తేదీ వేసి చీటీ పంపితేనే ఫిరంగి పేల్చాలట. ఆయన గుమ్మంలోనే నిలబడి చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "కాఫీ తాగుతావా?" అన్నాడు. పనుందని వచ్చేశాను. ఆ తర్వాత నాలుగేళ్ళు జనవరిలో మాస్టారి చీటీ వెళ్ళడం, ఆయన ఫిరంగి తాడు లాగడం. కళ్ళున్న మనిషికి వేరేవాడి కాగితం చూసి పొద్దు చెప్పాల్సిన గతి పట్టింది. ఆదివారాలు కోటమీదికి షికారు వెళ్ళేవాళ్ళు మానేశారు. ఆయన చర్చికి రావడం మానేశాడు, తర్వాత రేవుకి కూడా. వారానికోసారి దుకాణానికొచ్చి రొట్టె, కాఫీ గింజలు, కిరోసిను తీసుకుని పోయేవాడు. అప్పటికే "హిల్మార్ లెక్క" పిల్లల నోళ్ళలో పడిపోయింది.

ఆ తర్వాత యుద్ధం. జర్మనీవాళ్ళొచ్చి కొండమీద సిమెంటు గూళ్ళు పోసి పెద్ద ఫిరంగులు పెట్టారు. నలభైనాలుగులో వెనక్కిపోతూ ఊరంతటికీ నిప్పెట్టారు. మమ్మల్ని చేపల పడవల్లో ఎక్కించి దక్షిణానికి తోలారు. రెండు రోజులు హిల్మార్, నేను ఒకే పడవలో చేపలు పోసే అరలో పక్కపక్కన కూర్చున్నాం. తన ఉన్ని జోళ్ళు నాకిచ్చాడు. ఫిరంగిమందు దాచిన గదిలోకి వెళ్ళేటప్పుడు వేసుకునేవి అవి, ఇనప మేకులుంటే నిప్పురవ్వ లేస్తుందని. చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. ఊరు కాలుతుంటే ఇప్పుడు సూర్యుడి గొడవేమిటి అనుకున్నాను. చెప్పదలచుకోనివాళ్ళకి సాకులకి కొదవా?

తిరిగొచ్చి చూస్తే సిమెంటు గూళ్ళు పగిలి పడున్నాయి, గడ్డిగోడలు అలాగే ఉన్నాయి. ఊరిని మళ్ళీ కట్టుకున్నాం. పోస్టాఫీసు, బడి, చర్చి, అన్నీ కొత్తవి. పాతది ఒక్కటే మిగిలింది, హిల్మార్ లెక్క. అది మాత్రం కాలలేదు. మాస్టారి చీటీ పద్ధతి యుద్ధంలో దానంతటదే పోయింది. యాభైయొకటిలో మాస్టారూ పోయాడు. ఒకసారి రేడియోలో ఎవరో చెప్పగా విన్నాను, చలిగాలి పొరలుపొరలుగా పేరుకుంటే సముద్రం అంచుకి కిందనున్న సూర్యుణ్ణి పైకెత్తి చూపిస్తుందట, నొక్కినట్టు కనబడతాడట. నేను రేడియో కట్టేశాను. నా మొగుడు అప్పటికే సముద్రంలో పోయాడు, పిల్లల్లేరు. సాయంత్రాలు కిటికీలోంచి చూస్తే కోటలో ఒక్క దీపం. ఆయనకి నా దీపమూ అలాగే కనబడుతుండేదేమో. ఇద్దరం ఒంటరివాళ్ళమే, కానీ ఆయన ఒంటరితనానికి కారణం నేను. ఈ సంగతి తెలిసి కూడా, ఊరికి తిరిగొచ్చాక ఇరవయ్యేళ్ళు ఆయనకి ఉత్తరాలు అందించాను.

అరవైయేడు జనవరిలో హిల్మార్ పోస్టాఫీసుకొచ్చాడు. అరవైయేడేళ్ళు ఆయనకి. కళ్ళల్లో శుక్లాలు తెల్లగా కనబడుతున్నాయి. వసంతంలో కొత్త మేస్త్రీ వస్తున్నాడు, ఇదే ఆఖరు.

"ఎల్లుండి మధ్యాహ్నం గోడమీదికి రాగలవా అమ్మాయ్? నాకు వెలుగు తెలుస్తోంది గానీ అంచు తెలీడం లేదు."

"నేనెందుకండీ? బడివాళ్ళెవర్నయినా..."

"నువ్వు రా."

వెళ్ళాను. దక్షిణపు బురుజు మీద ఫిరంగి సిద్ధంగా ఉంది. ఆయన తాడు చేతికి చుట్టుకుని సముద్రంవైపు తిరిగి నిలబడ్డాడు. చలికి మాట్లాడితే పళ్ళు జిల్లుమంటున్నాయి. కింద రోడ్డుమీద పిల్లలు అప్పుడే గుంపు కట్టారు.

"ఏం కనబడుతోంది?"

"నీళ్ళమీద ఎర్రగా గీత. ఇంకా ఏం లేదు." ఇంక ఆపుకోలేకపోయాను. "హిల్మార్ గారూ, ముప్ఫయ్యారులో నేను కొండమీదున్నాను. మీరు చూసిందే చూశాను. నొక్కిన రొట్టెలా, మెట్లుమెట్లుగా. మొత్తం చూశాను. మీరడిగితే లేదన్నాను."

ఆయన నావైపు తిరగలేదు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"ఎర్ర శాలువా. తాడు లాగేముందు దుర్భిణి ఒకసారి చుట్టూ తిప్పుతాను, ఫిరంగి ముందు పడవలేమైనా ఉన్నాయేమోనని. కొండమీద నువ్వు. నాకప్పటికీ అనుమానంగానే ఉంది, అంత ముందుగా ఏమిటా అని. నీ మొహంమీద ఎండ చూశాకే లాగాను."

"మరి తెలిసి కూడా నన్నెందుకడిగారు?"

"అడిగితే చెబుతావనుకున్నాను. మూడో ఇంటికే అర్థమైపోయింది, ఇంకెవరూ చూడలేదని. మిగతా ఇళ్ళన్నీ నీ దగ్గరికి రావడానికే తిరిగాను. తిన్నగా నీ దగ్గరికే వస్తే, పని వేళలో నువ్వు కొండమీదేం చేస్తున్నావని మాస్టారికి అనుమానం రాదూ?"

"నేను చెప్పకపోతే మీరైనా చెప్పాల్సింది! ఆస్లౌగ్ చూసిందని ఒక్క మాట!"

"నీ ఉద్యోగం పోయేది. నాదెలాగూ పోదు, ఈ కోటకి ఇంకెవడొస్తాడు?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ముప్ఫయ్యొక్కేళ్ళు ఆయనమీద జాలిపడుతూ వచ్చాను. ఆయన మోస్తున్న బరువులో సగం నన్ను కాపాడ్డానికేనని, అది ఆయన తెలిసే మోస్తున్నాడని అనుకోలేదు. పక్క బురుజు కళ్ళు మూసుకున్న సంగతి ఆయనకి మొదటిరోజునుంచీ తెలుసు.

"ఏడవకు. కళ్ళల్లో నీళ్ళుంటే అంచు కనబడదు. చూసి చెప్పు."

కళ్ళు తుడుచుకుని చూశాను. సూర్యుడు లేస్తున్నాడు, పక్కకి జరుగుతూ లేస్తున్నాడు. కింద పిల్లల అరుపులు, "కనబడుతున్నాడు, పేల్చండీ!" అని. బడి మేడమీంచి చేతులూపుతున్నారు. ఔనంటే ఎంత బావుంటుంది! ఆయనకిది ఆఖరి ఏడాది, ఊరంతా ఎదురుచూస్తోంది. కానీ కింది అంచు నీళ్ళని పట్టుకునే ఉంది. వెంట్రుకవాసి. చూస్తూండగానే మళ్ళీ దిగడం మొదలెట్టాడు.

"లేదండీ. వదల్లేదు. వెంట్రుకవాసి."

"వెంట్రుకవాసి తక్కువైనా రానట్టే" అని ఆయన తాడు విప్పేసి, ఫిరంగికి గుడ్డ కప్పాడు.

నేను దిగొచ్చి బేకరీలో కాలుపెట్టేసరికి లోపల ఊరు సగం ఉంది. వేయించిన బన్నులు పళ్ళేల్లో చల్లారిపోతున్నాయి. కొత్త హెడ్మాస్టరు, కుర్రాడు, నామీద విరుచుకుపడ్డాడు.

"మా మేడమీంచి గుండ్రంగా కనబడ్డాడండీ! పిల్లలేడుస్తున్నారు. ఆ కళ్ళు కనబడని ముసలాయన్ని పట్టుకుని..."

"ఆయన కాదు, నేను చూశాను" అన్నాను. "గోడమీంచి కింది అంచు నీళ్ళు వదల్లేదు. నేను చూశాను." అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. వచ్చిందే అదునని రెండోది కూడా అనేశాను. "ముప్ఫయ్యారు జనవరి పదహారున కూడా నేను చూశాను. ఆ రోజు సూర్యుడు మొత్తం కనబడ్డాడు. హిల్మార్ సరిగ్గానే పేల్చాడు. నేను అబద్ధమాడాను."

బన్నులు తీస్తున్న అమ్మాయి, "ముప్ఫయ్యారులో ఏమైంది పిన్నీ?" అంది. పక్కనున్నావిడ భుజాలెగరేసింది. హెడ్మాస్టరు పక్కవాడితో, "పాపం, ఒంటరిగా ఉంటుంది కదా" అన్నాడు, నాకు వినబడదనుకుని. ఆనాడు హిల్మార్‌ని చూసి నవ్వినవాళ్ళలో ఒక్కడూ లేడు ఆ గదిలో. నా నిజాన్ని చేతిలో పట్టుకుని ఎవరికివ్వాలో తెలీక నిలబడ్డాను. చివరికి రెండు బన్నులు కాగితంలో చుట్టించుకుని ఇంటికొచ్చాను.

పక్కరోజు మళ్ళీ గోడమీద. ఆకాశం తేటగా ఉంది. ఆయన నిన్నటిలాగే తాడు చుట్టుకున్నాడు. నేను బన్ను ఇస్తే ఎడంచేత్తో తింటూ అడిగాడు.

"చెప్పావటగా? బేకరీలో."

"చెప్పానండీ."

"ఏమన్నారు?"

"'ఏ సూర్యుడు?' అన్నారు."

ఆయన నవ్వాడు. ముప్ఫయ్యొక్కేళ్ళలో ఆయన నవ్వు వినడం అదే మొదటిసారి. గడ్డంమీద పంచదార రాలేదాకా నవ్వి, కళ్ళు తుడుచుకుని, "పోనీలే. నువ్వు చెప్పావు కదా" అన్నాడు. అంతలో సూర్యుడు లేవడం మొదలెట్టాడు. పై అంచు, నడుము, కింది అంచు. నీళ్ళు సాగి సాగి తెగిపోయాయి, మధ్యలో నల్లటి సందు కనబడింది. ఈసారి గుండ్రంగానే ఉన్నాడు.

"వచ్చాడు" అన్నాను.

హిల్మార్ నిజంగానా అని అడగలేదు. తాడు లాగాడు.